ఊళ్ళో ఇల్లు అమ్ముదామంటే అన్నయ్య సంతకం పెట్టనంటున్నాడు

గౌతమీతీరం:
మాది కోనసీమలో ఒక పల్లెటూరు. నాన్న 1987లో సొంత జీతంతో 14 సెంట్ల స్థలం కొని పెంకుటిల్లు కట్టారు. 2009లో పోయారు, వీలునామా రాయలేదు. అమ్మ కిందటేడు పోయింది. అన్నయ్య కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటోంది, నేను హైదరాబాదు, అక్క భీమవరం. ఇల్లు అమ్మి పంచుకుందామంటే "నేను బతికుండగా కుదరదు" అంటాడు. ఇంటిపన్ను రసీదు తన పేరున వస్తోంది కాబట్టి ఇల్లు తనదేనని ఊళ్ళో చెప్పుకుంటున్నాడట. నా సగం నాకు రావాలంటే పార్టిషన్ దావా వెయ్యడమేనా, ఇంకేదైనా దారి ఉందా?

బావిగట్టు:
నీ వాటా బయటివాడెవడికైనా అమ్మి పారెయ్ బ్రో. రెండు నెలల్లో మీ అన్న కాళ్ళబేరానికి వస్తాడు.

ప్లీడరుగారబ్బాయి:
ఈ సలహా మాత్రం వినకండి. కుటుంబం కాపురముంటున్న, ఇంకా పంచుకోని ఇంట్లో వాటా కొన్న బయటివాడు వచ్చి ఓ గదిలో చాప వేసుకుంటానంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఒప్పుకోదు. వాడు పంపకానికి దావా వేసినా, 1893 పార్టిషన్ చట్టం కింద ఆ వాటాని కోర్టు కట్టిన ధరకి మీ అన్నయ్యే కొనేసుకోవచ్చు. ఇది తెలిసి కొనేవాడు సగం రేటుకే అడుగుతాడు. ఇంటిపన్ను రసీదు గురించి టెన్షన్ పడకండి, అది పంచాయతీ పన్ను వసూలు చేసుకోడానికి, హక్కు పత్రం కాదు.

సీతాఫలం:
"నా సగం" అన్నారు. అక్క ఎటు పోయింది?

గౌతమీతీరం:
అక్కతో ఇబ్బంది లేదండీ, అడిగితే సంతకం పెట్టేస్తుంది. గొడవంతా అన్నయ్యతోనే.

పాతకరణం:
బాబూ, ముందు ఒక సంగతి తేల్చుకో. అది పిత్రార్జితం. అందులో ఆడపిల్లకి వాటా రావాలంటే పెళ్ళి 1985 సెప్టెంబర్ తర్వాత అయి ఉండాలి. మీ అక్క పెళ్ళి ఏ సంవత్సరం? కట్నం, పసుపు కుంకుమ కింద ఏం ఇచ్చారు? అవి చెప్పకుండా వాటాల లెక్క తేలదు.

ప్లీడరుగారబ్బాయి:
కరణం గారూ, మీరు చెప్పేది 1956 హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చిన సవరణ, అదీ ఉమ్మడి కుటుంబపు ఆస్తికి. 2005 కేంద్ర సవరణతో ఆ పెళ్ళి మెలిక పోయింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న వాదన కూడా 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా ఇక్కడ అవేవీ అక్కర్లేదు. ఆయన సొంత జీతంతో కొన్నారంటే అది స్వార్జితం. 1956 చట్టం ప్రకారమే 2009లో అమ్మకి, ముగ్గురు పిల్లలకి తలో పావు. అమ్మ పోయాక ఆవిడ పావు కూడా ముగ్గురిదే. అంటే ఇప్పుడు తలా మూడో వంతు. కట్నం ఇచ్చామని ఇందులో తగ్గించడానికి లేదు.

పాతకరణం:
తండ్రి ఆర్జించింది పిత్రార్జితం కాక మాత్రార్జితమా? ఉద్యోగాలు పీకేసిందాకా అడంగళ్ళు రాసిన చెయ్యి నాది, నాకు మాట నేర్పకు. మా చెల్లెలికి పెళ్ళిలో ఎకరం పసుపు కుంకుమ కింద ఇచ్చాం. ఆ ఎకరం అమ్ముకుని, 2006లో మా మీదే దావా వేసింది. 2014లో ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. కోర్టు పంపిన కమిషనర్ రెండుసార్లు గొలుసు పట్టుకుని వచ్చి కొలిచి వెళ్ళాడు, వాటాలు విడగొట్టి ఇచ్చే ఫైనల్ డిక్రీ ఇప్పటికీ లేదు. చెల్లెలు పోయింది. ఇప్పుడు వాయిదాలకి మేనల్లుళ్ళు వస్తున్నారు, ఎదురుపడినా మొహం తిప్పుకుంటారు.

సీతాఫలం:
మా పుట్టింట్లో నేను వాటా అడగలేదు, లెక్క ఏమిటని అడిగాను, అంతే. మూడు సంక్రాంతులు అయింది పిలుపు లేక. కాబట్టి మీ చెల్లెలి వైపు కథ కూడా వినాలని ఉంది కరణం గారూ, పాపం ఆవిడ చెప్పలేదు కదా ఇప్పుడు.

పాతకరణం:
నోరు జాగ్రత్తమ్మా. అది సరే గానీ బాబూ, కోనసీమలో జీతం వచ్చే మనిషికి ఇల్లు తప్ప గజం పొలం కూడా లేదంటే నేను నమ్మను. పొలం సంగతి రాయలేదేం?

గౌతమీతీరం:
60 సెంట్లు ఉండేది. 2013లో అమ్మేశాం, తొమ్మిది లక్షలు వచ్చింది, నేను ఫ్లాట్‌కి కట్టాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

నడిమింటోడు:
ఆహా! తొమ్మిది లక్షలూ నువ్వే తీసుకున్నావా?

గౌతమీతీరం:
అప్పట్లో పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నాం, పొలం నాకు, ఇల్లు అన్నయ్యకి అని. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ కాగితం చెల్లదని మా ఫ్రెండ్ చెప్పాడు. అయినా అప్పుడు ఇంటి స్థలం విలువెంత? ఇప్పుడు సెంటు నాలుగు లక్షలు పలుకుతోంది. తేడా ఎవరిది?

ప్లీడరుగారబ్బాయి:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఆ కాగితంతోనే పంపకం జరిగితే స్టాంపు, రిజిస్ట్రేషన్ కావాలి. కానీ నోటిమాటగా ముందే తేల్చుకుని, గుర్తుకోసం తర్వాత రాసుకున్నదైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. పైగా ఆ ఒప్పందం కింద లాభం తీసుకుని ఇప్పుడు కాదంటే జడ్జిగారు మిమ్మల్నే ముందు అడుగుతారు. అక్క ఆ కాగితం మీద సంతకం పెట్టిందా?

గౌతమీతీరం:
లేదు. పొలం అమ్మకం దస్తావేజు మీద మాత్రం పెట్టింది. డబ్బు అడగలేదు.

ప్లీడరుగారబ్బాయి:
అయితే మీ అన్నదమ్ముల కాగితం ఆవిడ మీద చెల్లదు. ఈ ఇంట్లో అందరికంటే గట్టి హక్కు ఆవిడదే.

నడిమింటోడు:
నేను ఆ అన్న లాంటివాణ్ణే. మా అమ్మ మూడేళ్ళు మంచం మీదే ఉంది. డైపర్లు మార్చింది నా భార్య. తమ్ముడు ఆదివారం వీడియో కాల్‌లో "అమ్మా, మందులు వేసుకున్నావా" అనేవాడు. ఆ మూడేళ్ళకి సెంటు ఎంత చొప్పున కడతారో చెప్పండి, మనమూ లెక్క చూసుకుందాం.

గౌతమీతీరం:
నేను నెలకి ఎనిమిది వేలు పంపాను, ఒక్క నెల ఆపలేదు. అది ఎవరికీ కనపడదు. అమ్మ పెద్దకర్మ రోజు వీధి అరుగు మీద అందరూ కూర్చుని ఉంటే "చుట్టపుచూపుగా వచ్చావు, భోంచేసి వెళ్ళు" అన్నాడు. నేను పుట్టిన ఇంట్లో! అప్పటిదాకా ఇల్లు అమ్మాలని నాకు లేదు. అక్కడ నాకు చాప వెయ్యనప్పుడు ఆ ఇల్లు ఎవరికీ ఉండకూడదు అనిపించింది, అంతే.

సీతాఫలం:
ఆ ఒక్క మాట మీద పదిహేనేళ్ళు కోర్టు వాయిదాలకి తిరుగుతారా?

ప్లీడరుగారబ్బాయి:
దావా కంటే ముందు మండల న్యాయ సేవా కమిటీలో ఒక అర్జీ ఇవ్వండి, ప్రీ లిటిగేషన్ కేసుగా లోక్ అదాలత్‌కి పెడతారు, ఫీజు ఉండదు. ముగ్గురూ ఒప్పుకుని అక్కడ అవార్డు, అంటే రాజీ తీర్పు, రాయించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అన్నయ్య ఇల్లు ఉంచుకుని అక్కకి డబ్బు కట్టడం, మీకు పొలం డబ్బు చెల్లు పెట్టుకోవడం, ఇలా ఏదో ఒకటి. కానీ ముందు అక్కని అడగండి. ఆవిడ తరఫున మీరు మాట్లాడకండి.

బావిగట్టు:
నా సలహాయే ఈజీగా ఉంది.

గౌతమీతీరం:
ఇప్పుడే అక్కకి ఫోన్ చేశాను. అంతా విని, "పొలం అమ్మినప్పుడు నన్ను అడిగార్రా? సంతకానికి రమ్మని చెప్పారు. అన్నయ్య కూడా నిన్న అచ్చంగా ఇలాగే చేశాడు ఫోను" అని పెట్టేసింది.

పాతకరణం:
పెళ్ళి ఏ సంవత్సరమో అడిగావా?