పార్ట్‌టైమ్ బిజినెస్ డిగ్రీ: 8 వారాల ఆన్‌లైన్ కోర్సులా, 15 వారాల సాయంత్రం క్లాసులా?

అమెరికాలో ప్రాంతీయ స్టేట్ యూనివర్సిటీల్లో ఉద్యోగం చేస్తూ బిజినెస్ బ్యాచిలర్స్ చదివినవాళ్లు కాస్త చెప్పండి.

డిగ్రీకి 120 క్రెడిట్లు, కమ్యూనిటీ కాలేజీ నుంచి 60 బదిలీ అయ్యాయనుకుందాం. సెమిస్టర్‌కి 6 చొప్పున మిగతావి పది సెమిస్టర్లు. 6కి తగ్గితే సాధారణంగా హాఫ్‌టైమ్ (కనీసం సగం లోడ్‌తో చదివే విద్యార్థి) హోదా పోతుంది, దాంతో ఫెడరల్ లోన్ (ప్రభుత్వ విద్యా రుణం) అర్హత కూడా. కాబట్టి సెమిస్టర్‌కి ఒక్క కోర్సుతో నెట్టుకురావడం కుదరదు.

3 క్రెడిట్ల కోర్సుకు క్లాసు, సొంత చదువు కలిపి సుమారు 135 గంటలు. 15 వారాల కోర్సులు రెండు ఒకేసారి చేస్తే వారానికి 18 గంటలు. 8 వారాలవి ఒకదాని తర్వాత ఒకటి చేస్తే దాదాపు 17. లెక్క ఒకటే, కానీ 8 వారాల అకౌంటింగ్‌లో ఒక్క వారం జారితే కోర్సులో ఎనిమిదో వంతు పోయినట్టే. మార్కెటింగ్‌లో అంత ప్రమాదం లేదు లెండి.

ఫైనాన్షియల్ అకౌంటింగ్, స్టాటిస్టిక్స్ లాంటివి సాయంత్రం క్లాసుల్లో, మిగతావి ఆన్‌లైన్‌లో తీసుకోనిస్తారా? కార్పొరేట్ ఫైనాన్స్‌కి ముందు పూర్తిచేయాల్సిన కోర్సులు ప్రతి సెమిస్టర్‌లోనూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయా, లేక ఒకటి తప్పితే ఏడాది ఆగాలా? బదిలీ అయిన బిజినెస్ లా క్రెడిట్లను మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) కలిపారా, ఉత్త ఎలక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) లెక్కగట్టారా?