బంపర్ చీలింది, తలుపు సొట్టపోయింది: క్లెయిమ్‌కి వెళ్లాలా, చేతి డబ్బు పెట్టుకోవాలా?

మియాపూర్ బలేనో:
అందరికీ నమస్కారం. మాది అయిదేళ్లు నిండబోతున్న బలేనో, పెట్రోల్, పెర్ల్ తెలుపు. పోయిన శనివారం ఆఫీసు నుంచి వస్తుంటే సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఆటో గుద్దింది. వెనక బంపర్ కింది మూల జానెడు చీలింది. ఆటో అతను చేతులు జోడించాడు, ఆ రోజు కూలి కూడా రాలేదన్నాడు, వదిలేశాను. అదే టెన్షన్‌లో ఇంటికొచ్చి సెల్లార్‌లో తిప్పుతూ ఎడమ వెనక తలుపును పిల్లర్‌కి రాసేశాను. అరచేయంత సొట్ట, దాని చుట్టూ పసుపు గీతలు.

సర్వీస్ సెంటర్‌లో 14,800 అంచనా ఇచ్చారు. బంపర్ 3,400, క్లిప్పులు, బ్రాకెట్ 400, బిగింపు కూలి 1,000, బంపర్ పెయింట్ 4,500, తలుపు టింకరింగ్ 1,200, దాని పెయింట్ 4,300. "ఇన్సూరెన్స్ ఉంది కదా మేడమ్, సంతకం పెడితే చాలు" అంటున్నారు. ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ తీసుకోలేదు. ఎన్‌సీబీ (క్లెయిమ్ తీసుకోని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 45 శాతం ఉంది, రెన్యువల్ ఇంకో రెండు నెలల్లో. జీరో డెప్ (సామాను పాతబడిందని క్లెయిమ్‌లో కోత వేయకుండా ఉండే అదనపు కవర్) మాత్రం పోయినేడు ప్రీమియం తగ్గుతుందని తీసేశాం. ఏం చేయమంటారు?

గుంటూరు డ్రైవర్:
సంతకం పెట్టకండి, ముందు పాలసీ కాగితం తీయండి. అందులో ఓన్ డ్యామేజ్ (మన బండి దెబ్బలకి) ప్రీమియం, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ప్రీమియం వేర్వేరుగా ఉంటాయి. ఎన్‌సీబీ తగ్గింపు ఓన్ డ్యామేజ్ మీదే. చాలామంది మొత్తం ప్రీమియంలో సగం పోతుందని భయపడతారు, అది నిజం కాదు. ఎన్‌సీబీ వేయకముందు ఓన్ డ్యామేజ్ ఎంతుందో చెప్పండి.

మియాపూర్ బలేనో:
చూశానండి. ఓన్ డ్యామేజ్ 9,000, 45 శాతం తీసేస్తే 4,950. థర్డ్ పార్టీ 3,416. 18 శాతం జీఎస్టీతో కలిపి 9,872 కట్టాం. ఇంకో సంగతి, ఆటో వెనక నుంచి వచ్చి గుద్దింది కదా, తప్పు నాది కానప్పుడు కూడా ఎన్‌సీబీ పోతుందా?

గుంటూరు డ్రైవర్:
పోతుందండి. తప్పు ఎవరిదని చూడరు, మీ పాలసీ మీద క్లెయిమ్ డబ్బు వచ్చిందా లేదా అన్నదే చూస్తారు. ఈ విషయం మీద నాకు ఎప్పటికీ కోపమే, కానీ రూలు అదే.

ఇక లెక్క. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి ఎన్‌సీబీ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, 50 దగ్గర ఆగుతుంది. మీరు ఈసారి ఏమీ తీసుకోకపోతే రెన్యువల్‌లో 50 వస్తుంది, ఓన్ డ్యామేజ్ 4,500 కడతారు. తీసుకుంటే సున్నాకి పడిపోయి 9,000 కడతారు. తేడా 4,500. అక్కడితో అయిపోలేదు, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. పై ఏడు తేడా 2,700, ఆపై 2,250, 1,350, 450. మొత్తం 11,250, జీఎస్టీతో 13,275. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంతకంటే కొంచెం తక్కువే ఉంటుంది.

ఇప్పుడు వచ్చేదెంత? జీరో డెప్ లేదు కాబట్టి ప్లాస్టిక్ సామాను మీద సగం కోస్తారు. 3,800లో 1,900 మీదే. పెయింట్ బిల్లులో పావు వంతు మెటీరియల్ కింద లెక్కేసి అందులో సగం కోస్తారు, 8,800 మీద 1,100. 1,500 సీసీ లోపు బండికి తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సింది క్లెయిమ్‌కి 1,000. అంటే 10,800 చేతికొస్తుంది, దానికోసం 13 వేల దాకా వదులుకుంటున్నారు.

ఆటోనగర్ షెడ్డు:
విజయవాడ నుంచి. మాది టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు, మా నాన్నగారి కాలం నుంచి. ఒక దిద్దుబాటు. మేడమ్ గారివి రెండు వేరు వేరు దెబ్బలు. ఆటోది ఒక క్లెయిమ్, పిల్లర్‌ది ఇంకో క్లెయిమ్. రెండు వేలు కోత. వచ్చేది 9,800 అనుకోండి.

"రెండూ ఒకే యాక్సిడెంట్ అని రాసేద్దాం" అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. సర్వేయర్ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దెబ్బలు చూసే అతను) దెబ్బ ఎత్తు చూస్తాడు, ఏ వైపు నుంచి వచ్చిందో చూస్తాడు. వెనక గుద్దిన ఆటోకి పక్క తలుపు మీద పసుపు రంగు ఎలా అంటుతుంది? అబద్ధం దొరికితే మొత్తం క్లెయిమే కొట్టేస్తారు. చిన్న సొట్టను సుత్తితో పెద్దది చేసి ప్యానెల్ మార్పిస్తామనే వాళ్లనూ చూశాను. అలాంటి చోట బండి ఇవ్వకండి.

ఇంకో మాట, ఆ పసుపు గీతలన్నీ మీ పెయింట్ పోయినవి కాకపోవచ్చు. పిల్లర్ రంగే తలుపుకి అంటి ఉంటుంది. గోరుతో గీకి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే రబ్బింగ్ కాంపౌండ్‌తో పోతుంది.

హనుమకొండ అన్న:
అక్కా, లెక్కలో ఒకటి మర్చిపోతున్నారు. 13 వేల నష్టం అనేది వచ్చే అయిదేళ్లు ఇంకే క్లెయిమూ లేకపోతేనే. నేను రోజూ కాజీపేట వైపు లారీల మధ్య తిరిగేటోన్ని. వచ్చే ఏడే ఇంకో క్లెయిమ్ తప్పలేదనుకోండి, ఎన్‌సీబీ అప్పుడు ఎట్లాగూ పోయేది. అప్పుడు ఇప్పటి క్లెయిమ్ వల్ల పోయింది 4,500, జీఎస్టీతో 5,310 అంతే. వచ్చింది 9,800. క్లెయిమే లాభం. రెండేళ్లలోపు మళ్లీ క్లెయిమ్ తప్పదనిపిస్తే తీసుకోవడమే మేలు, మూడేళ్లు దాటితే వద్దు. అందుకే బండి ఎవరు నడుపుతారు, ఎక్కడ నడుపుతారు అనేది కూడా చూడాలి.

నేను ఒకసారి దీనివల్లే దెబ్బతిన్నా. పాలసీ మొదలైన నెలలోనే బంపర్‌కి 7,000 చేతి డబ్బు పెట్టిన, ఎన్‌సీబీ కాపాడుకుందామని. ఎనిమిది నెలల తర్వాత గేదె అడ్డమొచ్చి బానెట్, లైటు, రేడియేటర్ పోయినయ్. పెద్ద క్లెయిమ్ పెట్టక తప్పలేదు, ఎన్‌సీబీ ఎట్లాగూ పోయింది.

గుంటూరు డ్రైవర్:
మంచి పాయింట్, నేను ఒప్పుకుంటాను. ఒకే పాలసీ ఏడాదిలో ఒక క్లెయిమ్ తీసుకున్నా రెండు తీసుకున్నా ఎన్‌సీబీ పోయేది ఒక్కసారే. మేడమ్‌కి మిగిలింది రెండు నెలలే కాబట్టి మీకు జరిగినట్టు జరిగే అవకాశం తక్కువ.

ఆటోనగర్ షెడ్డు:
నన్నడిగితే అసలు ప్రశ్న వేరే ఉంది. మీరంతా 14,800 మీదే లెక్కలు వేస్తున్నారు. క్లెయిమ్‌కి వెళ్లినా మేడమ్ జేబులోంచి 5,000 పోతాయి కదా? మేడమ్ పెట్టిన ఫొటో చూస్తే బంపర్ మార్చక్కర్లేదు. చీలిక మూల దగ్గరే ఉంది, క్లిప్పులు కూర్చునే చోట విరగలేదు. లోపల వేడి పిన్నులు దించి ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, పుట్టీ, ప్రైమర్ వేసి పెయింట్ కొట్టొచ్చు. తలుపు టింకరింగ్ కూడా కలిపి మంచి షెడ్డులో 6,000 నుంచి 7,000 అవుతుంది. పెర్ల్ తెలుపు కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను, కోటింగులు ఎక్కువ.

క్లెయిమ్ దారిలో ఇప్పుడు 5,000, వచ్చే ఏడు కనీసం 5,310. బయట చేయిస్తే 6,500. హనుమకొండ అన్న చెప్పినట్టు వచ్చే ఏడు ఇంకో క్లెయిమ్ వచ్చినా సరే, బయట చేయించడమే చవక.

కానీ ఒక షరతు. బంపర్ విప్పించి లోపల చూడకుండా నిర్ణయం తీసుకోకండి. ముందు బంపర్ అయితే మరీ జాగ్రత్త, పైకి చిన్న పగులే ఉంటుంది, వెనక ఏసీ కండెన్సర్ నలిగి ఉంటుంది. వెనకైతే లోపలి ఇనుప బీమ్ వంగిందా, స్టెప్నీ గుంట దగ్గర రేకు ముడత పడిందా, డిక్కీ మూసినప్పుడు రెండు వైపులా సందు సమంగా ఉందా చూడాలి. బీమ్ వంగితే మాత్రం క్లెయిమ్‌కే వెళ్లండి, సందేహం వద్దు.

డాలస్ తెలుగు:
మాకు ఇక్కడ అమెరికాలో మీలాగా ఎన్‌సీబీ మెట్లు లేవు గానీ ఇదే మథనం. నా డిడక్టబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సింది) 1,000 డాలర్లు, దెబ్బ 1,300 అయితే ఇక క్లెయిమ్ ఎందుకు? పైగా క్లెయిమ్ రికార్డు ఏడేళ్ల దాకా ఉంటుంది, కంపెనీ మారినా కనిపిస్తుంది. వడగళ్లకి పైకప్పు సొట్టలు పడినప్పుడు మాత్రం తీసుకున్నాను, అది గుద్దుడు కింద కాకుండా వేరే కవర్ కింద వస్తుంది.

నెల్లూరు వాసి:
నేనొకటి చెప్తాను. నేను తొందరపడి కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకున్నాను. తర్వాత బిల్లు 4,000 అని తెలిసి వద్దనుకున్నాను. డబ్బు ఏమీ తీసుకోకుండా ఉపసంహరించుకుంటున్నానని మెయిల్ రాసి, మూసేసినట్టు జవాబు తెప్పించుకున్నాను. రెన్యువల్‌లో ఎన్‌సీబీ పోలేదు. ఆ జవాబు మెయిల్ మాత్రం దాచుకోండి.

క్లెయిమ్ తీసుకుని, వేరే కంపెనీకి మారేటప్పుడు తీసుకోలేదని రాసేవాళ్లున్నారు. కంపెనీలు పాత కంపెనీని అడిగి తెలుసుకుంటాయి. పెద్ద ప్రమాదం జరిగిన రోజు ఆ ఒక్క అబద్ధంతో డబ్బు రాకుండా పోతుంది. మా బంధువుల ఇంట్లో అలాగే జరిగింది, చాలా బాధపడ్డారు.

మియాపూర్ బలేనో:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న మా ఇంటి దగ్గర ఒక షెడ్డుకి తీసుకెళ్లి నా ఎదురుగానే బంపర్ విప్పించాను. బీమ్ నిటారుగా ఉంది, స్టెప్నీ గుంటలో ముడత లేదు. పార్కింగ్ సెన్సర్ ఒకటి దాని గూటిలోంచి ఊడి వైరుకి వేలాడుతోంది, అది మళ్లీ బిగించారు. తలుపు మీద గోరు పెట్టి చూశాను, ఆటోనగర్ గారు చెప్పినట్టే గీతల్లో సగానికి పైగా పిల్లర్ రంగే, కాంపౌండ్ రుద్దితే పోయింది. సొట్ట ఉన్న చోట మాత్రం టింకరింగ్ చేసి పెయింట్ వేస్తున్నారు.

మొత్తం 7,100కి ఒప్పుకున్నాను, బండి గురువారం ఇస్తారు. సర్వీస్ సెంటర్‌కి వద్దని చెప్పేశాను. రెన్యువల్‌లో జీరో డెప్ మళ్లీ వేయించుకుందామనుకుంటున్నాను, అయిదేళ్లు దాటితే ఇస్తారా?

గుంటూరు డ్రైవర్:
కంపెనీని బట్టి ఉంటుందండి. కొన్ని అయిదేళ్ల తర్వాత ఇవ్వవు. రెన్యువల్‌కి ఒక నెల ముందే రెండు మూడు చోట్ల అడగండి. గడువు దాటి 90 రోజులు పోతే ఉన్న 50 శాతం కూడా పోతుంది, ఆ తేదీ మాత్రం మర్చిపోకండి.

ఆటోనగర్ షెడ్డు:
గురువారం బండి తీసుకునేటప్పుడు పగలు, ఎండలో నిలబెట్టి చూడండి మేడమ్. పెర్ల్ తెలుపు షెడ్డు లైట్ల కింద కలిసిపోయినట్టే ఉంటుంది, బయట ఎండలో తేడా కనిపిస్తుంది. తేడా ఉంటే డబ్బు ఇవ్వకముందే చెప్పండి, పక్క ప్యానెల్‌కి కలిపి మళ్లీ కొడతారు.