కేబుల్ తీసేసి ఫైబర్ వేద్దామనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారు పాతికేళ్లుగా కేబుల్ టీవీ నడుపుతున్నారు. ఒకప్పుడు 600 కనెక్షన్లు ఉండేవి, ఇప్పుడు 210. 2016 తర్వాత ఫోన్లో డేటా చౌకైంది, కుర్రాళ్లు అటు మళ్లారు. మిగిలింది ఎక్కువగా పెద్దవాళ్లే.

ఇంటింటికీ ఫైబర్ వేద్దామని నా పట్టు. ఒకే ఫైబర్‌లో 1490 నానోమీటర్ల కాంతి తరంగం మీద ఇంటర్నెట్, 1550 మీద టీవీ సిగ్నల్ ఇళ్లకు పంపొచ్చు కాబట్టి సీరియళ్లు చూసే మామ్మలకీ ఇబ్బంది ఉండదు. నా సందేహమల్లా ఒకటే: ఒక్క ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే రెండు పద్ధతుల్లో, చౌకగా దొరికే ఈపాన్ పెట్టాలా, జీపాన్ పెట్టాలా? ఈపాన్ పోర్టుకి (మా దగ్గరి పెట్టెలో ఒక ఫైబర్ తగిలించే చోటు) సెకనుకి 1.25 గిగాబిట్లు, జీపాన్‌కి 2.5; దాన్నే ఆ పోర్టు మీది ఇళ్లన్నీ పంచుకోవాలి. సాయంత్రం ఊరంతా ఒకేసారి క్రికెట్ పెడితే ఈపాన్ తట్టుకుంటుందా? పోర్టుకి 64 ఇళ్లు ఇవ్వొచ్చంటున్నారు. నాకైతే 32 దాటించాలంటే భయంగా ఉంది.

ఇంకోటి, సొంతంగా సీ కేటగిరీ ఐఎస్‌పీ లైసెన్సు (చిన్న ప్రాంతం వరకే ఇంటర్నెట్ ఇచ్చే అనుమతి) తీసుకోవాలా, పెద్ద కంపెనీ కింద ఫ్రాంచైజీగా చేరాలా? నాన్నగారు రెండోదానికే మొగ్గుతున్నారు. అలా చేరితే రేపు మా కస్టమర్లు మాకు మిగులుతారా? ఒప్పందంలో ఏ షరతులు ముందే రాయించుకోవాలి? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. సంక్రాంతిలోపు తేల్చుకోవాలి.