పదవిలో ఉంటేనే పని జరుగుతుందా? గగన్‌దీప్ కాంగ్ ఉదాహరణగా

గోదావరి గట్టు:
మా అమ్మాయి మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. రీసెర్చ్ చేసి, తర్వాత పాలసీ వైపు వెళ్తానంటోంది. దానికి టీకాల మీద పరిశోధించే వైరాలజిస్ట్ గగన్‌దీప్ కాంగ్ ఆదర్శం. మన దేశంలో పనిచేస్తూ బ్రిటన్ సైన్స్ అకాడమీ అయిన రాయల్ సొసైటీకి ఎన్నికైన మొదటి మహిళ (2019). ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థను నడిపి, 2020లో కోవిడ్ మధ్యలో, పదవీకాలం ఇంకా ఉండగానే వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నారు. ఆ కారణాల జోలికి నేను పోను. ఇలాంటివాళ్లు కుర్చీలో ఉంటే మేలా, బయట ఉంటే మేలా? నేనైతే కుర్చీయే అంటాను. ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు.

పిపెట్టు:
కుర్చీకి ముందు వేలూరు బస్తీల్లో ఆవిడ బృందం చేసిన పని చూడండి. 373 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్లపాటు గమనించారు. మెక్సికోలో, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ రెండుసార్లు సోకిన పిల్లల్లో మళ్లీ తీవ్రమైన జబ్బే కనిపించలేదు. వేలూరులో మూడుసార్లు సోకాక కూడా రక్షణ 79 శాతమే. అక్కడి లెక్క ఇక్కడ అతకదని అలా తేలింది. ఇంత పని తెలిసిన మనిషిని ఫైళ్ల మీద సంతకాలకు కూర్చోబెడతారా?

శ్రీకాకుళం సిస్టర్:
పేపర్లు రాసినంత మాత్రాన చుక్కలు పిల్లల నోట్లో పడవు సార్. రోటావైరస్‌కు నోట్లో చుక్కలుగా వేసే టీకా రోటావ్యాక్‌ను ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసివాళ్లతో పరీక్షించారు. తొలి ఏడాది రోటావైరస్ వల్ల వచ్చే తీవ్ర విరేచనాలు సుమారు 56 శాతం తగ్గాయి. 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదేసి చుక్కలు. "సగమేనా?" అని ఒక తల్లి నన్ను నిలదీసింది. సెలైన్ ఎక్కాల్సిన వందమందిలో సగం మంది ఇంట్లోనే ఆడుకుంటుంటే చాలదా అమ్మా అన్నాను. అదే మాట ఢిల్లీలో చెప్పడానికీ ఒక మనిషి ఉండాలి కదా.

పిపెట్టు:
సలహా చెప్పడం వేరు, డైరెక్టర్ ఉద్యోగం వేరు. 2021 జనవరిలో మూడో దశ సామర్థ్య ఫలితాలు రాకముందే కొవాగ్జిన్‌కు అనుమతిస్తే ఆవిడ బహిరంగంగానే ప్రశ్నించారు. అది హైదరాబాద్ భారత్ బయోటెక్ టీకా. ఆవిడ పనిచేసిన రోటావ్యాక్ కూడా వాళ్లదే. అయినా మొహమాటపడలేదు. సర్కారు కుర్చీలో ఉంటే అంత సూటిగా అనగలిగేవారా?

గోదావరి గట్టు:
చివరికి కొవాగ్జిన్‌కు 77.8 శాతం సామర్థ్యం వచ్చింది కదండీ!

పిపెట్టు:
వచ్చింది, సంతోషమే. పిల్లాడు పాసయ్యాడని, పరీక్షకు ముందే ఇచ్చిన సర్టిఫికెట్ ఒప్పైపోదు.

కామన్ రూమ్:
మా డిపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లం ఇద్దరం. ప్రతి కమిటీలో ఒక లేడీ మెంబర్ ఉండాలి కాబట్టి అన్నిట్లోనూ మేమే, క్యాంటీన్ కమిటీతో సహా. ఆ మీటింగుల్లో పడి ఒక గ్రాంట్ గడువు దాటిపోయింది. డబ్బు పంచే కమిటీలో మాత్రం మా పేర్లుండవు. 1942లో పుట్టిన కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్‌కు మొదటి మహిళా డీజీ (డైరెక్టర్ జనరల్), కలైసెల్వి, వచ్చింది 2022లో. సౌమ్యా స్వామినాథన్ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ డీజీగా చేసి డబ్ల్యూహెచ్‌ఓ మొదటి చీఫ్ సైంటిస్ట్ అయ్యారు. లోపల ఉండీ పని చేయొచ్చు, కాదనను. కానీ ఏ కుర్చీ అన్నది చూసుకోవాలి. మీ అమ్మాయికి అది చెప్పండి.

గోదావరి గట్టు:
చెప్పానండీ. "క్యాంటీన్ సాంబార్ ఏమైనా మారిందా?" అని అడగమంది.

కామన్ రూమ్:
లేదండీ. దానికో సబ్‌కమిటీ వేశారు. అందులోనూ నేనే.