గోడ తాకకుండా దాటిపోయే బంతిని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఒక సైన్స్ ఫిక్షన్ కథ, దానికి తోడు చిన్న 2డి సిమ్యులేషన్ తయారవుతున్నాయి. మూడు సంగతులకు పేర్లు కావాలి. ఒకటి, సెకనుకు 60 మీటర్ల వేగంతో వచ్చే బంతి 10 సెం.మీ. మందం గోడను తాకకుండానే అవతల తేలుతోంది. బంతి వ్యాసార్థం 5 సెం.మీ., సిమ్యులేషన్ సెకనుకు 60 అడుగులు వేస్తుంది (అడుగంటే టైమ్ స్టెప్, కోడ్ బంతి స్థానాన్ని ఒకసారి లెక్కించడం). రెండు, నేల మీద ఆగాల్సిన బంతి సన్నగా వణుకుతూనే ఉంది. మూడు, రెండు గ్రహాలు ఢీకొని, ఆవిరై ఒకే ముద్దగా తిరగడం. అన్నిటినీ ‘అభిఘాతం’ (ఢీకొనడం) అంటే చాలదు కదా?

జవాబు 1:
మొదటిదాన్ని ‘సొరంగం’ అనకండి. ఇంగ్లిష్‌లో టనెలింగ్ అంటారు గానీ, తెలుగులో ఆ మాట వింటే క్వాంటమ్ సిద్ధాంతమే గుర్తొస్తుంది. ఇక్కడ బంతి అడుగుకు 1 మీటరు గెంతుతోంది. గోడ మందం, బంతి వ్యాసం కలిపినా 20 సెం.మీ.యే. ఏ అడుగూ ఆ ఇరవైలో పడకపోతే కోడ్‌కు తాకిడే కనబడదు. కాబట్టి ‘అడుగుదాటు’ అనండి, కారణం పేరులోనే ఉంటుంది.

అడుగును 5 ముక్కలు చేస్తే సరిపోతుందనిపిస్తుంది. చాలదు. బంతి కేంద్రం గోడ నడిమధ్య దాటాక దొరికితే, దగ్గరున్నది అవతలి అంచే కనుక కోడ్ బంతిని అటే తోసేస్తుంది. మొదటి తాకుడు నుంచి ఆ నడిమధ్యకు 10 సెం.మీ. 12 ముక్కలు చేస్తే ఒక్కోటి 8.3 సెం.మీ., గండం తప్పుతుంది.

ఇంతకన్నా మేలైన దారి, తాకే క్షణాన్నే లెక్కకట్టడం. బంతి అంచుకూ గోడకూ 40 సెం.మీ. ఎడముంటే అడుగులో 0.4 వంతు దగ్గర తాకుతుంది. అక్కడ ఆపి, గోడకు లంబంగా ఉన్న వేగాన్ని వెనక్కి తిప్పి ప్రత్యవస్థాన గుణకంతో (తాకాక ఎంత వంతు వేగం మిగులుతుందో చెప్పే అంకెతో) గుణించండి. మిగిలిన 0.6 వంతు నడపండి. గుణకం 0.5 అయితే బంతి 30 సెం.మీ. వెనక్కొస్తుంది. రెండు బంతులూ కదులుతుంటే సాపేక్ష వేగం వాడాలి.

జవాబు 2:
వణుకును వణుకే అనండి, కొత్త మాట అక్కర్లేదు. ఆగిన బంతికి కూడా గురుత్వం ప్రతి అడుగులో సెకనుకు 0.16 మీటర్ల వేగం ఇస్తుంది, గుణకం దాన్ని పైకి ఎగరేస్తుంది. తాకే వేగం ఒక హద్దులోపు ఉంటే గుణకాన్ని సున్నా చేయండి. 2డి భౌతికశాస్త్ర సిమ్యులేషన్లకు వాడే కోడ్ లైబ్రరీ బాక్స్2డి ఈ హద్దును సెకనుకు 1 మీటరుగా పెట్టుకుంది. చొరబాటును (బంతి నేలలోకి దిగిపోయిన మేరను) కూడా ఒక్కసారిగా సరిదిద్దొద్దు. 5 మి.మీ. వదిలేసి, మిగతాదాంట్లో అడుగుకు 20 శాతం చొప్పున తగ్గించండి.

జవాబు 3:
మూడోదానికి పేరుంది, సినెస్టియా. 2017లో శాస్త్రవేత్తలు సైమన్ లాక్, సారా స్టీవర్ట్ పెట్టారు. ‘సిన్’ అంటే కలిసి, హెస్టియా గ్రీకుల పొయ్యి దేవత. తెలుగులో ‘ఉమ్మడిపొయ్యి’ చక్కగా కుదురుతుంది. ఇంటి మాట అని సంకోచించకండి. పరమాణు కేంద్రకాలు ఢీకొనే అవకాశాన్ని కొలిచే విస్తీర్ణ ప్రమాణానికి, అంటే 10⁻²⁸ చదరపు మీటర్లకు, 1942లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పెట్టిన పేరు ‘బార్న్’, అంటే కొట్టం.

‘ఆవిరివలయం’ మాత్రం వద్దండి. వలయానికి నడుమ ఖాళీ ఉంటుంది. ఇది ఎర్ర రక్తకణంలా నడుమ నొక్కుకుపోయి అంచున ఉబ్బుతుంది. లోపలి భాగం ఒక్కటిగా తిరుగుతుంది, బయటి భాగం కక్ష్యలో ఉన్నట్టు తిరుగుతుంది, రెంటి మధ్యా తెంపు ఉండదు. కథలో ఒకటి చూసుకోండి: తమ చుట్టూ తాము తిరగని గ్రహాలు నట్టనడుమ ఎదురెదురుగా గుద్దుకుంటే ఇది పుట్టదు, కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు మోతాదు) చాలదు. దెబ్బను పక్కకు జరపండి, లేదా గ్రహాలను ముందే వేగంగా తిప్పండి.