డూమ్ తరహా గేమ్‌కి జీజడ్‌డూమ్ నయమా, గోడో నయమా?

బ్రాడీపేట, గుంటూరు: డూమ్ లాంటి, ఆరు లెవెల్స్ ఉన్న పాతకాలం షూటింగ్ గేమ్ చేయాలండీ. ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తర్వాత అమ్మే ఆలోచనా ఉంది. డూమ్ ఆటలను నడిపే ఇంజిన్ జీజడ్‌డూమ్‌తోనా, ఏ రకం గేమ్‌కైనా వాడే ఇంజిన్ గోడోతోనా, దేంతో మొదలుపెట్టమంటారు?

బెంజి సర్కిల్, విజయవాడ: జీజడ్‌డూమ్‌తోనండీ. తుపాకులు, తలుపులు, శత్రువుల కదలిక అన్నీ అందులో ముందే ఉన్నాయి. మ్యాపులు గీయడానికి అల్టిమేట్ డూమ్ బిల్డర్, బొమ్మలూ శబ్దాలూ సర్దడానికి స్లేడ్. మ్యాప్ ఫార్మాట్ యూడీఎంఎఫ్ పెట్టుకోండి. కొలతలు ముఖ్యం: ఆటగాడి ఎత్తు 56 యూనిట్లు, వెడల్పు 32. తలుపు 64 వెడల్పు ఉంటే ఇరుక్కోడు. మెట్టు ఎత్తు 24 దాటిందా, ఎక్కలేడు. సెక్టార్ (మ్యాప్‌లో గది లాంటి మూసిన ప్రాంతం) గీతలు ఎక్కడా తెగకుండా కలిశాయో లేదో చూసుకోండి, సగం తలనొప్పులు అక్కడే పుడతాయి.

అరండల్‌పేట, గుంటూరు: అమ్మకం సంగతి. జీజడ్‌డూమ్ ఇంజిన్‌ది జీపీఎల్ లైసెన్స్. అమ్ముకోవచ్చు, కానీ మీరు చేసిన మార్పులతో సహా ఇంజిన్ సోర్స్ కోడ్ మొత్తం కొన్నవాళ్లకు అందుబాటులో ఉంచాలి. డూమ్ అసలు బొమ్మలు, శబ్దాలు మాత్రం అస్సలు వాడొద్దు. సొంతవి తయారయ్యేదాకా ఉచితంగా దొరికే ఫ్రీడూమ్‌వి పెట్టుకోండి.

పటమట, విజయవాడ: గోడోకి ఎంఐటీ లైసెన్స్, ఆ చిక్కు లేదు. కానీ శత్రువుల ప్రవర్తన మొత్తం మీరే రాసుకోవాలి. అటు వెళ్తే సెట్టింగుల్లో ఇవి పెట్టుకోండి: రెండరర్ (బొమ్మ గీసే భాగం) కంపాటిబిలిటీ, విండో 320×180, స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్, మెటీరియల్‌లో టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్. ఫిల్టర్ మార్చకపోతే గోడల మీద పిక్సెల్స్ అలికినట్టు మసకబారతాయి. మీ ఆరు లెవెల్స్‌కి నా ఓటూ జీజడ్‌డూమ్‌కే.