ఒకసారి గర్భం పోయిన తరువాత మళ్ళీ నెల తప్పినవారు ఈ భయంతో రోజులు ఎలా గడిపారు?

మల్లెతీగ, విజయవాడ:
నాకు ఇప్పుడు 9వ వారం నడుస్తోంది. నిరుడు 11వ వారంలో స్కాన్‌కు వెళ్ళినప్పుడు, పిండం ఎదుగుదల 9వ వారంలోనే ఆగిపోయిందనీ, గుండె కొట్టుకోవడం లేదనీ డాక్టరుగారు చెప్పారు. అప్పటికి నాకు నొప్పి లేదు, రక్తపు చుక్క కనిపించలేదు, వేవిళ్ళు కూడా తగ్గలేదు. అందువల్ల ఈసారి ఒంట్లో ఏ లక్షణం ఉన్నా, లేకపోయినా నాకు నమ్మకం కుదరడం లేదు. బాత్‌రూమ్‌కు వెళ్ళిన ప్రతిసారీ బట్టల మీద మరక ఉందేమోనని లైటు కిందికి పట్టి చూసుకుంటున్నాను. రాత్రి రెండు గంటలకు లేచి మరీ చూస్తున్నాను. 7వ వారంలో గుండె చప్పుడు కనిపించింది కానీ, ఆ సంతోషం ఆటోలో ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు. తరువాతి స్కాన్ 12వ వారంలో అన్నారు. ఇంట్లోవాళ్ళు "మంచే తలుచుకో, నువ్వు భయపడితే బిడ్డకు తగులుతుంది" అంటున్నారు; దానితో భయపడుతున్నందుకు ఇంకో భయం పట్టుకుంది. ఈ మూడు వారాలు మీరెలా గడిపారో దయచేసి చెప్పండి.

గోదారిగట్టు, రాజమహేంద్రవరం:
చెల్లీ, నాకు రెండుసార్లు పోయి, మూడోసారి నిలిచింది. పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. ధైర్యంగా ఉండమన్న మాట నాకు ఏనాడూ పనికిరాలేదు. నాకు పనికొచ్చింది ఒక రెండు రూళ్ళ నోటుపుస్తకం. పేజీ మధ్యలో గీత గీసి, డాక్టరుగారు జవాబు చెప్పగలిగిన భయాలను ఎడమవైపు, ఎవరూ చెప్పలేనివాటిని కుడివైపు రాసేదాన్ని. "నడుము నొప్పి వస్తోంది, ఇది మామూలేనా?" అనేది ఎడమవైపుకు వెళ్ళేది, "ఈ బిడ్డను ఎత్తుకుంటానా?" అనేది కుడివైపుకు వెళ్ళేది. ఎడమవైపువి తదుపరి విజిట్‌లో వరుసగా అడిగేదాన్ని. కుడివైపువి రాత్రి దీపం పెట్టాక మా అమ్మకు చదివి వినిపించేదాన్ని. ఆవిడ ఏమీ అనకుండా తల నిమిరేది. వారాలు గడిచేకొద్దీ ఎడమవైపు నిండింది, కుడివైపు ఖాళీ అయిపోలేదు. కానీ అవి పుస్తకంలో ఉన్నాయన్న భరోసాతో నిద్ర పట్టేది.

ఇంకొక మాట. 12వ వారం దాకా ఆగలేకపోతున్నానని మీ డాక్టరుగారికి నోరు విప్పి చెప్పండి. నేను అడిగితే మధ్యలో ఒక చిన్న స్కాన్ రాశారు. అడగడం అతి అవుతుందని నేను మొదటి రెండుసార్లూ మొహమాటపడ్డాను, అలా పడనక్కరలేదు.

తెల్లకోటు, కరీంనగర్ జిల్లా:
నేను ప్రసూతి వార్డులో స్టాఫ్‌నర్సును. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది బొప్పాయి తిన్నందువల్లనో, బిందె ఎత్తినందువల్లనో, దిగులుపడినందువల్లనో గర్భం పోయిందని ఏళ్ళ తరబడి తమను తాము తప్పుపట్టుకుంటారు. నిర్ధారణ అయిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా పోతాయి. వాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతాయి, అలా పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. అది పిండం ఏర్పడిన తొలినాళ్ళలోనే జరిగిపోయేది, తల్లి నడతకు దానితో సంబంధం లేదు. ఒకసారి పోయినవారిలో అత్యధికులు తరువాతిసారి బిడ్డను ఎత్తుకునే ఇంటికి వెళ్తారు. కాబట్టి మల్లెతీగగారూ, మీరు పడుతున్న భయం బిడ్డను పడగొట్టదు. ఆ రెండో భయాన్ని మాత్రం ఈరోజే వదిలేయండి.

కొద్దిగా మరక కనిపించడం మొదటి నెలల్లో చాలామందిలో ఉంటుంది, అయినా డాక్టరుకు చెప్పాలి. రక్తం ఎక్కువగా పోతున్నా, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇంట్లోనే బిడ్డ గుండె చప్పుడు వినడానికని ఆన్‌లైన్‌లో దొరికే డాప్లర్ యంత్రాలు కొనవద్దు. వాటిలో తల్లి నాడినే బిడ్డ గుండె అనుకుని ఊరటపడినవారూ ఉన్నారు, బిడ్డ బాగున్నా చప్పుడు దొరకక రాత్రంతా ఏడ్చినవారూ ఉన్నారు. నిద్ర, తిండి రెండు వారాలకు పైగా దెబ్బతింటే అది చికిత్స అవసరమైన స్థితి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇదివరకే మానసిక ఆరోగ్యానికి మందులు వాడుతున్నవారు గర్భం వచ్చిందని వాటిని సొంతంగా ఆపవద్దు.

ఇద్దరం, హైదరాబాద్:
భర్తగా రాస్తున్నాను. రెండోసారి స్కాన్ గది బయట కూర్చున్నప్పుడు నా చేతులు వణికాయి, కానీ ఆమె ముందు ఆ మాట అనలేదు. ఆమె దాన్ని నేను పట్టించుకోవడం లేదని అర్థం చేసుకుంది. నాకూ భయంగా ఉందని చెప్పిన రోజు నుంచి ఆమె ఒంటరిగా ఏడవడం తగ్గింది. మీ ఆయనను గది లోపలికి అనుమతిస్తారేమో ముందే కనుక్కోండి.

దూరపుకొమ్మ, మాంచెస్టర్:
నాకు 8వ నెలలో బాబు కడుపులోనే పోయాడు. రెండోసారి ఇక్కడి రెయిన్‌బో క్లినిక్‌లో చూపించుకున్నాను. నాలాంటివారి కోసమే అది నడుస్తుంది, తెలిసిన మనుషులే ప్రతిసారీ చూస్తారు, జరిగినదంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవలసిన బాధ ఉండదు. అటువంటిది అందుబాటులో లేనివారు పాత రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టి, పైన ఒక కాగితం మీద జరిగినది నాలుగు వాక్యాల్లో రాసి డాక్టరు చేతికిస్తే చాలావరకు అదే మేలు జరుగుతుంది.

5వ నెలలో మా అమ్మ చలిమిడి చేసి తెచ్చింది. నిరుటి ఇత్తడి గిన్నే, అదే పచ్చకర్పూరం వాసన. మూత తీయగానే నేను లేచి వెళ్ళిపోయాను. అమ్మ తరువాత వచ్చి, "ఇది వీడిది. వాడికి పెట్టినది వాడిదే" అంది. అప్పుడు తిన్నాను. పోయినవాడి తలపును పక్కకు నెట్టమని ఎవరైనా అంటే వినకండి. నాకైతే వాడికి వేరుగా చోటు ఇచ్చాకనే కడుపులో ఉన్నవాడితో మాట్లాడటం కుదిరింది. బిడ్డ కదలికలు 18, 20 వారాల ప్రాంతంలో తెలుస్తాయి; చివరి మూడు నెలల్లో అవి తగ్గినట్టు అనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నేను మూడుసార్లు అలా వెళ్ళాను, మూడుసార్లూ అంతా బాగానే ఉంది, ఎవరూ విసుక్కోలేదు.

గోదారిగట్టు, రాజమహేంద్రవరం:
ఉద్యోగం చేసే చెల్లెళ్ళకు ఒక సంగతి. ప్రసూతి ప్రయోజనాల మీద ఉన్న చట్టం ప్రకారం, దాని కిందికి వచ్చే ఉద్యోగినులకు గర్భస్రావం తరువాత 6 వారాల వేతనంతో కూడిన సెలవు హక్కుగా ఉంది. నాకు అది తెలియక మొదటిసారి నాలుగో రోజునే పనిలో చేరాను. అప్పుడు ఏడవని ఏడుపే రెండోసారి భయమై మీద పడిందని నా నమ్మకం.

మల్లెతీగ, విజయవాడ:
అందరికీ నమస్కారాలు. నేనూ నిరుడు వారం తిరగకుండానే ఆఫీసుకు వెళ్ళాను. ఈ ఉదయం డాక్టరుగారికి ఫోన్ చేసి, 12వ వారం దాకా ఆగలేనని చెప్పాను. గురువారం పదింటికి రమ్మన్నారు. మావారు సెలవు పెట్టారు. పుస్తకం కొన్నాను, మధ్యలో గీత గీశాను. ఎడమవైపు ఇప్పటికి ఆరు ప్రశ్నలు ఉన్నాయి. కుడివైపుది మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడకూ పెళ్ళయిన కొత్తలో ఒకటి పోయిందట, ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదట.